ఎదురింటావిడ జడలు

క్లెమెంటి స్టేషన్లో ఎస్కలేటర్ మీద మా ముందు ఒక మనిషి నిలబడి ఉంది. వీపు మీద సన్నగా, తాళ్ళు పేనినట్టు, దువ్వెన ఎరగని జడలు వేలాడుతున్నాయి. మా అమ్మాయి నా చెయ్యి విడిపించుకుని, ఆంటీ అని అరుస్తూ పైకి పరుగెత్తింది. ఆ మనిషి వెనక్కి తిరిగి చూసింది. ఎవరో యూనివర్సిటీ విద్యార్థిని. నల్లటి చక్కని ముఖం, చెవుల్లో పాటలు. పాపను చూసి నవ్వి, ప్లాట్‌ఫారం మీద జనంలో కలిసిపోయింది. మా అమ్మాయి అక్కడే నిలబడిపోయింది. రైలు ఎక్కాక కూడా అద్దానికి ముక్కు ఆనించి అటే చూసింది. నా కోసం అది అలా చూసిన సందర్భం ఒక్కటీ నాకు గుర్తుకు రాలేదు.

ఆ ఆంటీ మా ఎదురు ఫ్లాట్‌లో ఉండేది. ఇక్కడ పేరు రాయను. పేరు రాస్తే ఆవిడను దగ్గరగా కూర్చోబెట్టుకున్నట్టు ఉంటుంది, అంత మంచితనం ఇవాళ నాలో లేదు.

మేము వచ్చిన రోజుల్లో కంప్యూటర్ పేరు చెబితే చాలు, సింగపూర్‌లో ఉద్యోగం దొరికేది. వారం వారం ఎవరో ఒక కొత్త తెలుగు కుటుంబం ప్రెషర్ కుక్కరూ పచ్చడి సీసాలూ పట్టుకుని దిగేది. మా ఆయన పొద్దున వెళ్తే చీకటి పడ్డాక వచ్చేవారు. తోటి ఆడవాళ్ళు చాలామంది ఏదో ఒక సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరారు. నేను బి.ఎస్సీ. ఫస్ట్ క్లాసులో పాసై, భర్త వీసా మీద వచ్చి, రెండున్నరేళ్ళ పిల్లతో ఏడో అంతస్తు కారిడార్‌లో నిలబడేదాన్ని.

అక్కడే ఆవిడను మొదటిసారి చూశాను. గేటు ముందు స్టూలు మీద కూర్చుని కాలిగోళ్ళకు రంగు వేసుకుంటోంది. ప్యాంటు, మగవాళ్ళ చొక్కా. తల చూసి నేను ఉలిక్కిపడ్డాను. జుట్టు వేలెడంత కూడా లేదు. తల మొత్తం గళ్ళుగళ్ళుగా పాయలు తీసి, ఒక్కో గడిలోని జుట్టును మెలితిప్పి, ఒక్కో మెలిక మొదట్లో ఒక వెండిరంగు క్లిప్పు పెట్టి ఉంది. చిన్న చిన్న మిరియపు తీగలు మొలిచినట్టుంది. నేను పాపతో, అటు వెళ్ళకు, పడతావు అంటుంటే తలెత్తింది.

"తెలుగోళ్ళా? అమ్మయ్య. ఏ ఊరు చెల్లీ మీది?"

ఆ వేషానికీ ఆ మాటకూ పొత్తు కుదరక పాపను ఎత్తుకుని ఆవిడ తలనే చూశాను. తరవాత తెలిసింది. ఆవిడ పుట్టింది మలేషియాలో, పేరాక్ వైపు ఒక ఆయిల్ పామ్ తోటలో. ముత్తాతలు విజయనగరం పక్కనుంచి ఓడెక్కి వెళ్ళారట. ఆ ఊరు ఆవిడ గానీ ఆవిడ నాన్న గానీ చూడలేదు. కానీ ఆ ఊరి మాట మాత్రం పెట్టెలో పెట్టిన పట్టుచీరలా అలాగే ఉంది. దానికి అంచుల్లో తమిళం, మలయ్ కుట్టారంతే. పాయా లేబార్ అనే పేటలో ఒక ఆఫీసులో బ్యాంకుల సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, కుదరలేదు, ఇప్పుడు కుదరకపోతేనే బాగుంది అని నవ్వేసేది.

నాకు ఆ నవ్వంటేనే మొదట అసూయ పుట్టింది. అందులో ఎవరికీ సంజాయిషీ లేదు.

జుట్టు సంగతి ఆవిడే చెప్పింది. వాళ్ళ నాయనమ్మది చిన్న చిన్న స్ప్రింగులు చుట్టినట్టుండే జుట్టు. ఆ జుట్టు మనవరాళ్ళందరినీ వదిలేసి ఈవిడ ఒక్కదానికే వచ్చింది. బళ్ళో పిల్లలు కొబ్బరి పీచు అనేవాళ్ళు. పెద్దయ్యాక, ఇక్కడ ఉద్యోగం దొరికాక, అందరిలాగే సెలూన్‌కి వెళ్ళి జుట్టు నిటారుగా చేయించుకుంది. సగం రోజు కూర్చోబెట్టి ఏవో మందులు పూసి, కాల్చి, లాగి పంపించేవాళ్ళట. అలా ఏళ్ళ తరబడి. చివరికి తల కడుక్కుంటే సింకులో బియ్యపు సేమ్యాలా తెగిపడేదట. ఒకరోజు ఆవిడే కత్తెర తీసుకుని, మందు తగిలిన జుట్టంతా కత్తిరించేసింది. అప్పుడు ఆవిడతో ఫ్లాట్ పంచుకున్న అమ్మాయి ఘనా నుంచి వచ్చిన పరిశోధకురాలు. నీ జుట్టు నీ మీద కోపంగా లేదు, దానికి ఏం కావాలో నువ్వు అడగలేదంతే అని, కూర్చోబెట్టి ఈ జడలు మొదలుపెట్టింది. తరవాత ఆ అమ్మాయి చదువు పూర్తయి వెళ్ళిపోయింది. ఈవిడ తలా, ఆ క్లిప్పుల డబ్బా మిగిలిపోయాయి.

మన దగ్గర జడలు కట్టిన తలంటే సన్యాసిదో, పిచ్చిదానిదో, పట్టించుకునే దిక్కులేని పిల్లదో. ఫోన్‌లో మా అమ్మకు చెబితే, అమ్మవారు పూనిందేమో, పసుపు రాసి దణ్ణం పెట్టుకోమను అంది. డబ్బు పెట్టి, పని పెట్టి, శ్రద్ధగా జడలు కట్టించుకునే మనిషి ఉంటుందని మా అమ్మకు చెప్పడం నా వల్ల కాలేదు. ఆ శ్రద్ధ చూస్తే గానీ నేనూ నమ్మలేదు.

శనివారం ఆవిడ తలకు కేటాయించిన రోజు. గేటు తెరిచే ఉండేది. తలస్నానం చేసి, పాత టీ షర్టుతో నీళ్ళు ఒత్తి, ఫ్యాను కింద తల వంచి కూర్చునేది. ఈ ఊరి గాలిలో ఏదీ త్వరగా ఆరదు. పైకి పొడిగా కనిపించినా లోపల తడి ఉంటే ముక్కిన వాసన వస్తుందని ఆవిడ భయం. అందుకని నన్ను పిలిచి తల నా ముఖం కిందికి వంచేది. వాసన చూడు చెల్లీ, ఉందా అనేది. అంతకు ముందు ఏ మనిషీ నన్ను తన తల వాసన చూడమని అడగలేదు. ముక్కు దగ్గరపెట్టి, లేదక్కా అంటే, "సరే లా" అని, ఈ ఊరి అలవాటు ప్రకారం మాట చివర లా తగిలించి, మళ్ళీ అద్దం ముందు కూర్చునేది. కలబంద గుజ్జు కాస్త వేళ్ళకు అద్దుకుని, ఒక్కో పాయనూ రెండు అరచేతుల మధ్య పెట్టి ఒకే వైపుకు దొర్లించేది. మొదలు దగ్గర క్లిప్పు పెట్టి మరో పాయకు వెళ్ళేది. పక్క పక్క పాయలు మొదళ్ళలో ఒకదానికొకటి అల్లుకోకుండా వేళ్ళతో విడదీసేది. రాత్రి పడుకునేటప్పుడు తలకు జారుడు గుడ్డ కట్టుకునేది.

ఇంత చేసినా మొదటి నెలల్లో ఆ తల చూడడానికి ఏమీ బాగుండేది కాదు. మెలికలు వదులయ్యేవి, పైన నూగు లేచేది, కొన్ని అటూ కొన్ని ఇటూ నిలబడేవి. లిఫ్టులో పక్క బ్లాకు తెలుగు ఆంటీలు ఆవిడ తల మీదుగా నన్ను చూసి కనుబొమ్మలు ఎగరేసేవారు. ఒకావిడ ఏకంగా ఆముదం సీసా తెచ్చి ఇచ్చింది. మా ఎదురింటావిడ తీసుకుని, చాలా థాంక్స్ ఆంటీ అని, ఒక్కసారీ వాడలేదు. నూనె రాస్తే కొత్త జడలు పట్టుకోవు, జారిపోతాయి. ఆ మాట అందరికీ చెప్పి వాదించే ఓపిక ఉండి కూడా వాదించేది కాదు.

అలా ఊరుకోవడం నా వల్ల అయ్యేది కాదు. నేనైతే రోజూ అద్దంలో ఒక్కో పాయా లాగి చూసుకునేదాన్ని, ముడి పడిందా లేదా అని. ఒకసారి ఆవిడ పాయనే అలా లాగి చూశాను. ఆవిడ నా చెయ్యి మెల్లగా పక్కకు పెట్టింది.

"ఒగ్గీ చెల్లీ. లాగి సూస్తే పడ్డ ముడి కూడా ఊడిపోతాది. దాని పని అది సేసుకుంటాది."

ఒగ్గీ అంటే వదిలెయ్. ఆ మాట మా నాయనమ్మ తరం తరవాత నేను వినలేదు. ఆవిడ రోజుకు పదిసార్లు అనేది. బస్సు తప్పిపోతే ఒగ్గీ. ఆఫీసులో ఆవిడ పట్టుకున్న తప్పును మేనేజరు తన పేరు మీద చెప్పుకుంటే ఒగ్గీ. ఆ మాట అనగలిగిన మనిషిని చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఎందుకంటే నేను వదలలేనిది ఒకటి నా చంకలో ఉంది.

మా అమ్మాయికి మాటలు రాలేదు. రెండు నిండి, రెండున్నర దాటి, మూడు దగ్గర పడుతున్నా ఒక్క మాట లేదు. చెవులు బాగానే ఉన్నాయన్నారు. చూద్దాం, కొందరు పిల్లలు ఆలస్యం అన్నారు డాక్టరు. చూద్దాం అనే మాట తల్లికి చెప్పే ముందు డాక్టర్లు ఆ తల్లితో ఒక్కరోజు ఉండాలి. అత్తగారు ప్రతి ఆదివారం ఫోన్‌లో, ఇంకా లేదా అని అడిగేవారు. ఆ ఇంకాలో నేను చేయనివన్నీ ఉండేవి. ఎవరో వస్తుంటే వాళ్ళతో వసకొమ్ము పంపించారు. పసిపిల్లగా ఉన్నప్పుడే నాకించాలి, నువ్వు పోసి ఉండవు, అందుకే నాలిక తిరగలేదు అన్నారు. ఇక నేను రోజూ పొద్దున్నే చిన్న రాయి మీద వస అరగదీసి, తేనెలో రంగరించి, వేలితో దాని నాలుక మీద రాసేదాన్ని. రాసి, అమ్మ అను, అమ్మ, అమ్మ అని దాని ముఖంలో ముఖం పెట్టేదాన్ని. తరవాత బొమ్మల కార్డులు. ఆపిల్ అను. బంతి అను. అది నా పెదాల వంక చూసి, తన పెదాలు లోపలికి మడుచుకునేది.

అదే పిల్ల ఎదురింట్లో గంటల తరబడి కూర్చునేది. ఆవిడ కాళ్ళ దగ్గర చాప మీద కూర్చుని క్లిప్పులు అందించడం దాని పని. ఆవిడ చెయ్యి వెనక్కి చాపితే ఇది క్లిప్పు పెట్టేది. ఆవిడ దీనితో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేది. కానీ ఏదీ అడిగేది కాదు. ఈ పాయ బద్ధకంగా ఉంది సూడు. దీనికి పొద్దున మకాన్, అదే తిండి, పెట్టలేదేటో. ఇది పక్కింటోళ్ళతో కలిసిపోతోంది, దీని ఇంటికి దీన్ని పంపుదాం. నేను గేటు దగ్గర నిలబడి వినేదాన్ని. దువ్వెన తీస్తే ఫ్లాటంతా పరుగులు పెట్టించే పిల్ల అక్కడ కదలకుండా ఉండేది. ఇంటికి రమ్మంటే ఆవిడ మోకాలు పట్టుకునేది.

మా ఆయనకు ఆవిడంటే గౌరవం. చూడు, ఎంత కూల్‌గా ఉంటారో అనేవారు. మనిషికి భర్త, అత్తగారు, మాటలు రాని పిల్ల లేకపోతే ఎంత కూల్‌గా అయినా ఉండొచ్చని నేను అన్నాను. అలా అనకూడదు అన్నారు ఆయన. కూడదని నాకూ తెలుసు. అయినా ఆ రాత్రి ఆయన కంచంలో కూర కాస్త తక్కువే పడింది.

ఒక శనివారం ఆవిడ ఇబ్బందిగా ఒకటి అడిగింది. తల వెనక భాగం తనకు అందడం లేదట. రెండు అద్దాలు పెట్టుకున్నా చేతులు నొప్పి పుడుతున్నాయట. నువ్వు చేస్తావా అంది. నేను ఒప్పుకున్నాను. పాయను అరచేతుల మధ్య దొర్లించడం నాకు కొత్త కాదు. కార్తీకమాసం వచ్చిందంటే మా అమ్మ నన్నూ అక్కనూ కూర్చోబెట్టి వందలు వందలు వత్తులు చేయించేది. దూదిని ఎంత లాగాలో, ఎక్కడ మెలిక పడుతుందో ఈ చేతులకు తెలుసు. మొదటి పాయ పట్టుకోగానే ఆవిడ, అబ్బ, ఎక్కడ నేర్సుకున్నావు అంది. వత్తులని చెబితే పగలబడి నవ్వింది. ఆ మధ్యాహ్నం మొదటిసారి ఆవిడకు రానిది నాకు వచ్చిందని సంతోషం వేసింది.

వారం తిరక్కుండా నేను చేసిన వెనక పాయలన్నీ విడిపోయాయి. ముందువి మాత్రం అలాగే ఉన్నాయి. ఇద్దరం అద్దాలు పెట్టుకుని చూశాం. ఆవిడ ఒక పాయను వేళ్ళతో నలిపి, వేళ్ళు వాసన చూసుకుంది.

"చెల్లీ, కొబ్బరినూనె రాసినావా?"

రాశాను. కావాలని కాదు. అంత పొడిగా ఉన్న మాడును చూస్తూ ఊరుకోవడం మా ఇంటా వంటా లేదు. చెయ్యి దానంతట అది మా ఇంటి సీసా దగ్గరికి పోయి వచ్చింది. రాసినట్టు కూడా నాకు గుర్తులేదు. ఆవిడ నన్ను చూసి, తెలుగోళ్ళ సెయ్యి కదా, తల కనపడితే ఊరుకుంటాదా అని కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వింది. తరవాత రెండుసార్లు తల రుద్దుకుని, ఆరబెట్టుకుని వచ్చి, మళ్ళీ నా ముందే వీపు తిప్పి కూర్చుంది. మరొకరైతే ఆ చేతికి మళ్ళీ తల ఇవ్వరు. ఇలా కూర్చోగలగడం ఎలా వస్తుందో నాకు అర్థం కాదు. నా పిల్ల జుట్టుకు ఒకసారి మా అక్క పిన్ను గట్టిగా పెట్టిందని రెండేళ్ళు గుర్తుపెట్టుకున్నాను.

వస గురించి ఆవిడ ఒక్కసారే మాట్లాడింది. పొద్దున్నే ఆఫీసుకు వెళ్తూ, చక్కెర కావాలని మా గేటు దగ్గరికి వచ్చింది. అప్పుడే నేను రంగరించిన వేలు పట్టుకుని పాప ముందు కూర్చుని ఉన్నాను. అమ్మ అను అంటున్నాను. పాప పెదాలు బిగించి తల తిప్పుకుంటోంది. ఆవిడ కాసేపు చూసింది.

"ఆ వేలు సూసి మూస్తోంది నోరు. అమ్మ అంటే సేదు అనుకుంటోందేమో, చెల్లీ. కొన్నాళ్ళు ఒగ్గీ."

నేను చక్కెర ఇచ్చాను. పిల్లలు లేని వాళ్ళకు చెప్పడం తేలికక్కా అన్నాను. ఆవిడ, అవును లా, తేలికే అని చక్కెర గిన్నె పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం గిన్నెను కడిగి, అందులో నాలుగు అరటిపండు బజ్జీలు పెట్టి తిరిగి ఇచ్చింది. పిసాంగ్ గోరెంగ్, వేడిగా ఉన్నాయి, తిను అంది. తిన్నాను. తింటుంటే ఇంకా కోపం వచ్చింది.

వస రాయడం తరవాత మానేశాను. కొమ్ము అరిగిపోయింది గనుక మానేశాను, ఆవిడ చెప్పినందుకు కాదు. మళ్ళీ పంపమని అత్తగారిని అడగలేదు, అంతే.

ఆ మధ్యనే నాకు బాగా జ్వరం వచ్చింది. మా ఆయన సెలవు దొరక్క, పాపను రెండు రోజులు ఆవిడ దగ్గర పెట్టారు. ఆవిడ ఆఫీసుకు సెలవు పెట్టింది. నేను మంచం మీద పడుకుని, కారిడార్ అవతల నుంచి ఏవైనా వినిపిస్తాయేమోనని చెవులు రిక్కించాను. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

జ్వరం తగ్గాక వచ్చిన శనివారం ఎప్పటిలాగే ఆవిడ నా ముందు వీపు తిప్పి కూర్చుంది. అప్పటికి జడలు చెవులు దాటాయి. ఒక్కోదాని మధ్యలో చిన్న ఉబ్బు, లోపల జుట్టు ముడిపడుతున్న చోటు. ఆవిడ దాన్ని మొగ్గ అనేది. నేను ఇంకో మొగ్గను వేలితో తడుముతున్నాను. చాప మీద కూర్చున్న పాప ఈసారి ఆవిడ చేతికి కాకుండా నా చేతికి క్లిప్పు పెట్టింది. పెట్టి, నా ముఖంలోకి చూసి, ఇంకోటి అంది. ఇంకోటి కావాలా అన్నట్టు. స్పష్టంగా, ఎన్నాళ్ళ నుంచో మాట్లాడుతున్న మనిషిలా.

నా చేతిలో క్లిప్పు ఎక్కడ పడిందో తెలియదు. పాపను ఒళ్ళోకి లాక్కుని ఏడ్చాను. ఆవిడ మెడ తిప్పలేదు. నేను పట్టుకున్న జడ నా పిడికిట్లోనే ఉంది, నొప్పి పుట్టి ఉండాలి. కాసేపటికి అటే చూస్తూ, "ఏటంది చెల్లీ? నాకు వినపడలేదు" అంది. నేను చెప్పాను. "నీతోనే అందా?" అంది. నాతోనే అన్నాను. ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతులో ఉన్న గర్వం నాకు ఇప్పటికీ వినిపిస్తోంది. మొదటి మాట ఆవిడతో కాకుండా నాతో అన్నది నా కూతురు. ఆవిడ ఒళ్ళో కూర్చుని, ఆవిడ కథలు విని, ఆవిడ క్లిప్పు పట్టుకుని కూడా, ముఖం నా వైపుకే తిప్పింది. ఆ ఒక్కటీ నాది.

ఆ రోజు ఇండియాకు ఫోన్ చేసి అందరికీ చెప్పాను. అత్తగారు, వస పనిచేసింది చూశావా అన్నారు. కాదనలేదు. ఆవిడ పనిచేసిందనడం కన్నా వస పనిచేసిందనడమే నాకు నయంగా తోచింది.

పోయిన ఏడాది వాళ్ళ అమ్మకు కళ్ళు మసకబారాయని ఆవిడ ఉద్యోగం వదిలేసి పేరాక్ వెళ్ళిపోయింది. అప్పటికి జడలు భుజాలు దాటి వీపు మీద పడుతున్నాయి. అందరూ బాగున్నాయనేవాళ్ళు, ఆముదం తెచ్చిన ఆంటీతో సహా. బస్సు ఎక్కించడానికి మేమందరం వెళ్ళాం. పాప అప్పటికి ఆగకుండా మాట్లాడుతోంది, సగం తెలుగు, సగం ఇంగ్లీషు, ప్రతి వాక్యం చివర లా. ఆవిడ దాని తల నిమిరి, నన్ను పిల్ల కన్నా గట్టిగా కౌగిలించుకుంది. జడల్లో కలబంద వాసన. తడి లేదు. అలవాటు కొద్దీ అదే చూశాను. బస్సు కదిలాక నాకు బెంగ కన్నా ముందు ఊపిరి ఆడింది. ఇక మా అమ్మాయికి పరుగెత్తి వెళ్ళడానికి ఎదురు తలుపు లేదు.

ఇవాళ స్టేషన్లో జరిగింది భోజనాల దగ్గర మా ఆయనకు చెప్పాను. పిల్ల ఎవరినో చూసి ఆవిడనుకుని పరుగెత్తిందని, ఇంకా మరిచిపోలేదని. నా మాటలో వినిపించకూడనిది ఏదో వినిపించినట్టుంది, ఆయన పాపను వెనకేసుకొచ్చారు.

"మాటలు నేర్చుకుంది ఆవిడ దగ్గరే కదా, ఎలా మరిచిపోతుంది."

"నేర్పింది ఆవిడే అయితే కానివ్వండి. మొదటి మాట మాత్రం నాతోనే అంది."

ఆయన పెరుగు గిన్నె దగ్గరికి లాక్కుని, అందులో గరిటె తిప్పుతూ ఉండిపోయారు. ఆరేళ్ళ కాపురంలో ఆయన పెరుగును అంతసేపు కలపడం నేను చూడలేదు. ఏమిటండీ అన్నాను. ఏమీ లేదన్నారు. రెండోసారి అడిగితే చెప్పారు.

నాకు జ్వరం వచ్చిన రెండో రోజు సాయంత్రం, పాపను తీసుకురావడానికి ఆయన ఎదురింటికి వెళ్ళారు. గేటు బయట నుంచే వినిపించిందట, పాప మాట్లాడుతోంది. ఒకటి కాదు, నాలుగైదు మాటలు. ఆయన చెప్పులు విప్పకుండానే లోపలికి పరుగెత్తబోయారట. ఆవిడ ఆయనను గేటు దగ్గరే ఆపి, గొంతు తగ్గించి చెప్పిందట.

"తంబీ, చెల్లికి సెప్పకు. పాపే దానికదే వాళ్ళమ్మతో అననీ. అదే మొదటిసారని చెల్లి అనుకోనీ."

మరి మీరు రెండేళ్ళు ఎలా దాచారు అని అడిగాను. ఆయన, ఆ రోజు నువ్వు ఏడ్చిన ఏడుపు చూశాక ఇక చెప్పాలనిపించలేదు అన్నారు. ఆయనా ఆవిడా కలిసి నా మొహం కోసం ఒక అబద్ధాన్ని రెండేళ్ళు మోశారు. నా మంచికే మోశారు. కోపం తెచ్చుకోవడానికి కూడా వాళ్ళు నాకు చోటు ఉంచలేదు.

ఏమంది అని అడిగాను. మొదట ఏ మాట అంది.

ఆయనకు గుర్తులేదు. కంగారులో వినలేదట. ఆంటీ అన్నట్టుంది అన్నారు. పెరుగు గిన్నె పక్కకు పెట్టి, అమ్మ అందేమో కూడా, నువ్వు రెండు రోజులుగా కనపడలేదు కదా అన్నారు. తరవాత చెయ్యి కడుక్కుని పడుకున్నారు.

నాకు నిద్ర రాదు. ఆ మాట ఆంటీ అయితే నేను ఓర్చుకోలేను. అమ్మ అయితే, కారిడార్ అవతల పడుకున్న నన్ను నా కూతురు మొదటిసారి పిలిచినప్పుడు, బదులు పలికింది ఆవిడ అన్నమాట. అది ఇంకా ఓర్చుకోలేను. ఈ రెండింటిలో ఏదో తెలిసిన మనిషి ప్రపంచంలో ఒక్కరే ఉన్నారు. పేరాక్ నంబరు ఫోను పక్కన గోడ మీద నా చేతిరాతతోనే ఉంది.

పొద్దున చేస్తే ఎత్తుతుంది. ముందు మకాన్ అయిందా అంటుంది, పాప గురించి అడుగుతుంది, వాళ్ళ అమ్మ కళ్ళ గురించి చెబుతుంది. నేను అడుగుతాను. ఆవిడ ఒక్క క్షణం ఆగి, నా గొంతులో నాకేది కావాలో వెతుక్కుని, అదే చెబుతుంది. అంత బాగా చెబుతుంది కాబట్టి నేను నమ్ముతాను.

ఏది కావాలో మాత్రం ఇంత రాత్రయినా నాకే తేలలేదు.